కరపత్రంలో రాసిన నొప్పి

మా ఆయన ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. పెళ్లయిన కొత్తలో అది చురుకుదనం అనుకున్నాను. హైదరాబాదులో డాక్టరీ చదివి, నాగర్‌కర్నూలు సర్కారు దవాఖానలో చిన్న డాక్టరుగా చేరి, రెండేళ్లు తిరగకుండానే రాజీనామా ఇచ్చేశారు. ఎవరితోనూ తగాదా లేదు. ఒకరి కింద కూర్చుని చీటీలు రాయడం తనవల్ల కాదన్నారు, అంతే.

"వనపర్తిల సొంతంగ పెడ్త. సంస్థానం ఊరు. నాలుగు దిక్కుల నుంచి జనం వస్తరు" అన్నారు.

అప్పటికి నాకు ఇరవై నిండలేదు. కర్నూలులో పుట్టి, తుంగభద్ర దాటి ఇవతలికి కోడలిగా వచ్చినదాన్ని. సామాను కట్టమంటే కట్టాను.

వనపర్తిలో సంతకు పోయే దారిలో ఇల్లు దొరికింది. వీధి గదిలో దవాఖాన, వెనక రెండు గదుల్లో మేము. హైదరాబాదు నుంచి తెచ్చిన సీసాలను గాజు తలుపుల అలమారాలో వరుసగా పేర్చుకున్నారు. ఉర్దూలోనూ ఇంగ్లీషులోనూ పేరు రాయించి బోర్డు కట్టారు. ఇక జనం రావడమే తరువాయి. జనం రాలేదు.

మాకు నాలుగిళ్ల అవతల ఒక ముసలి వైద్యుడు ఉండేవాడు. ఆయనకు బోర్డు లేదు, కుర్చీ లేదు. తెల్లవారితే ఆయన అరుగు మీద కాలు పెట్టే చోటు ఉండేది కాదు. మా ఆయన గుమ్మంలోకి వచ్చి అటు చూసేవారు. లోపలికి వచ్చి చేతులు కడుక్కునేవారు. ముట్టుకోవడానికి రోగి లేకపోయినా కడుక్కునేవారు. సీసాలు తుడిచి, కూర్చుని, మళ్లీ లేచేవారు. వెనక గదిలో పప్పు ఏరుకుంటూ నేను ఆ అడుగులు వింటూ ఉండేదాన్ని. కొన్నాళ్లకు ఆ గుణం నాకూ అంటుకుంది. వీధిలో ఎద్దుల మెడ గంటలు వినబడితే చేతిలో పని ఆగిపోయేది. బండి మా ఇంటి ముందు ఆగుతుందేమోనని చూసేదాన్ని. దాటిపోతే ఎవరో ముఖం మీదే తలుపు వేసినట్టు ఉండేది.

"మందు మంచిదైతె సరిపోదు. మంచిదని పదిమందికి ఎర్కజెయ్యాలె" అన్నారు ఒకరోజు. హైదరాబాదు పత్రికల్లో మందుల ప్రకటనలు చూసిన మనిషి. ఆ రోజు నుంచి ఆయన ధ్యాసంతా ప్రచారం మీదే.

ముందు తెలుగు బోర్డు. అక్షరాలు నేను సుద్దతో గీసి ఇస్తే రంగులు వేసే అతను దిద్దాడు. తర్వాత సంతలో చాటింపు. డప్పు కొట్టే పెద్దాయనను ఇంటికి పిలిచి, ఏం చెప్పాలో నాలుగుసార్లు చెప్పించుకుని విన్నారు. కొత్త డాక్టరు వచ్చాడు, సూదిమందు ఉంది, సంత దారిలో ఇల్లు. ఇంతే మాట. సంతలో డప్పు మోగి, సూది అన్న మాట చెవిన పడేసరికి, సర్కారు వాళ్లు టీకాలు వేయడానికి వచ్చారనుకుని తల్లులు పిల్లలను చంకనేసుకుని వెళ్లిపోయారు. మా వీధిలోనే రెండిళ్ల వాళ్లు తలుపులు వేసుకున్నారు. బెల్లం అమ్మే ఆమె ఇంటికి పోతూ మా వాకిట్లో ఆగి, "మీ డప్పుతోటి నా బేరం ఖరాబైంది" అని అనేసి పోయింది.

ఆ తర్వాత కరపత్రం. ఆయన చదువంతా ఉర్దూలో సాగింది. తెలుగు కూడబలుక్కుని చదువుతారు గాని రాయమంటే చేయి ఆడదు. నేను ఆరో తరగతి దాకా తెలుగు చదివాను. కర్నూలులో మా అన్నకు ఒక అచ్చాఫీసులో తెలిసినవాళ్లు ఉన్నారు. రాత నేను రాసేటట్టు, అచ్చు అన్న వేయించేటట్టు అనుకున్నాం.

"నయమైనోళ్లు చెప్పినట్టు రాయాలె. నేను మంచి డాక్టర్నని నేనే రాస్కుంటె ఎవరు నమ్ముతరు?" అన్నారు.

"నయమైనవాళ్లు ఎవరున్నారు?" అన్నాను. దెప్పడానికి కాదు, నిజంగానే అడిగాను.

"రేపు నయమయ్యెటోళ్లను ఇయ్యాల రాస్తున్నం, అనుకో. కడుపునొప్పి పెట్టు. గది అందరికుంటది. ఈ ఊరు వద్దు, ఎవరని అడుగుతరు. బిజినేపల్లి అని రాయి."

వంటింటి గడప మీద కూర్చుని పెన్సిలు పట్టుకున్నాను. బిజినేపల్లి నుంచి ఒక రైతు ఇల్లాలు చెబుతున్నట్టు మొదలుపెట్టాను. నాకు రెండేళ్ల నుంచి కడుపునొప్పి, తిన్నది ఇమిడేది కాదు. లేచి నిలబడాలంటే గోడ పట్టుకునేదాన్ని. ఎడమకు ఒత్తిగిల్లితే లోపల ఏదో బరువు ఎడమకు జారేది, కుడికి తిరిగితే కుడికి. చన్నీళ్ల చెంబు పొట్టకు ఆనించుకుని కూర్చునేదాన్ని. వనపర్తి డాక్టరుగారి మందు మూడు సీసాలు తాగాను. ఇప్పుడు నీళ్ల బిందె నేనే మోసుకొస్తున్నాను. ఒక్కచోట కూడా ఆగకుండా రాసేశాను.

చదివి వినిపిస్తుంటే ఆయన గదిలో అటూ ఇటూ తిరుగుతూ వింటున్నారు. బరువు జారడం దగ్గర నిలబడిపోయారు.

"పక్కకు జారుడేంది? అజీర్తికి గట్ల ఉండదు."

"తీసేయమంటారా?"

మళ్లీ నడక మొదలుపెట్టారు. "ఉండనీ. మంచిగున్నది. ఇన్నోళ్లకు యాదికుంటది" అన్నారు.

రైల్లో వచ్చే ఒకరి చేత అన్న కట్ట పంపాడు. పసుపుపచ్చ కాగితం, నల్లని అచ్చు. వనపర్తి సంతలో, నాగర్‌కర్నూలులో, ఆత్మకూరులో పంచారు. చదువు రానివాళ్లు చదివేవాళ్ల చేత చదివించుకున్నారు. మందు సంగతి, డాక్టరు సంగతి ఎవరికీ పట్టలేదు గాని బిజినేపల్లి ఆమె సంగతి మాత్రం కథలాగా పాకిపోయింది. నెల తిరగకముందే మా అరుగు మీద మనుషులు కూర్చోవడం మొదలైంది. వచ్చినవాళ్లలో సగం మంది తమకూ లోపల ఏదో జారుతోందని చెప్పేవారు. ఆయన సోంపు నీళ్లు, సోడా కలిపిన మిక్చరు ఇచ్చేవారు. నేను కాగితం పట్టీలను గాట్లు పెట్టి కత్తిరించి, ఒక్కో గాటు ఒక్కో పూట మోతాదుగా సీసాలకు మైదా బంకతో అంటించేదాన్ని. అజీర్తితో వచ్చినవాళ్లకు తగ్గేది. తగ్గినవాళ్లు మరో ఇద్దరికి చెప్పేవారు.

అప్పుడైనా ఆయన నిమ్మళంగా కూర్చున్నారా అంటే లేదు. రెండో కరపత్రం అన్నారు, మూడోది అన్నారు. గద్వాల నేత మనిషికి మోకాళ్ల నొప్పి, ఆత్మకూరు ముసలమ్మకు దగ్గు, అన్నీ నేనే పుట్టించాను. దారిన పోయేవాళ్లను చూసి ఎవరికి ఏ జబ్బు నప్పుతుందా అని ఆలోచించేదాన్ని. బావి దగ్గర ఆడవాళ్లు, "గా బిజినేపల్లామె మల్ల వచ్చిందా?" అని అడిగేవారు. బాగుందట అనేదాన్ని. ఆ మాట అన్న ప్రతిసారీ బిందె ఎత్తుకుని త్వరగా వచ్చేసేదాన్ని.

ఎండలు ముదరక ముందు ఒక పొద్దున బండి ఒకటి నిజంగానే మా వాకిట్లో ఆగింది. అమ్రాబాద్ అవతలి పల్లె నుంచి వచ్చిన రైతు, అతని భార్య. దారిలోనే నాలుగు రోజులు పట్టిందట. ఆమెకు నలభైకి దగ్గరగా ఉంటాయి. చేతులు పుల్లల్లా ఉన్నాయి. పొట్ట మాత్రం ఏడో నెల కడుపంత ఉంది. గడ్డి పరిచిన బండిలోంచి అతను ఆమెను పసిపిల్లను దింపినట్టు దింపాడు.

"మా ఊరి దుకాణంల ఒకాయన మీ కాగితం చదివిండు దొర. ఇన్నంక ఇది లేసి కూసున్నది. గది నా ముచ్చటే, నన్ను ఆడికి తోల్కపో అన్నది" అని చెప్పాడు.

ఆడరోగి కాబట్టి చూసేటప్పుడు నేను పక్కన నిలబడ్డాను. మా ఆయన పొట్ట మీద చేయి వేసి, అటూ ఇటూ నొక్కి చూసి, లేచి వెనక గదిలోకి వచ్చారు.

"గడ్డ. శాన పెరిగింది. కోసి తియ్యాలె. నాతోటి కాదు. పట్నం పోవాలె" అన్నారు నాతో.

"ఆ మాటే వాళ్లకు చెప్పండి."

చెప్పారు. రైతు చేతులు జోడించాడు. "కోసుడు వద్దు దొర. మూడు సీసలు ఇయ్యి. బిజినేపల్లామెకు గవ్వే ఇచ్చినవు గద."

"ఆమె నొప్పి వేరు."

కింద చాప మీద పడుకున్న ఆమె తల ఎత్తింది. "యేరు కాదు. నాదే. పక్కకు తిరిగితె జారుతదని రాసిండ్రు. వచ్చెటప్పుడు బిజినేపల్లిల బండి ఆపి అడిగినం. ఏ వాడల ఉంటదని అడిగిండ్రు. కాగితంల వాడ లేదు. జర మీరు చెప్పుండ్రి. ఒక్కపారి పోయి మాట్లాడొస్త. ఆమె తాగు అంటె తాగుత. పట్నం పో అంటె పోత."

మా ఆయన అలమారా వైపు తిరిగారు. ఏదో పుస్తకం తీస్తారేమో అనుకున్నాను. సీసా తీశారు. మిక్చరు పోసి నా చేతికి ఇచ్చారు. ఆయన ముఖం చూడకుండా నేను పట్టీ అంటించి ఇచ్చాను. "ముందు గిది తాగనీ. తర్వాత చూద్దాం" అన్నారు. వాళ్లు ఆ సీసా పట్టుకుని సత్రానికి వెళ్లారు.

రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆయన కూడా కంచం ముందు నుంచి సగంలో లేచిపోయారు. రెండో రోజు అడిగాను.

"ఆ మందు ఆమెకు పనిచేస్తుందా?"

"చెయ్యదు."

"మరి?"

"నేనేం జెయ్యాలె? పట్నం పొమ్మన్న, ఇనలేదు. కాగితం అబద్ధమని చెప్పాల్నా? రేపటి నుంచి గీ గడప ఎవ్వరు తొక్కరు. దుకాణం మూసుకోవాలె."

దుకాణం అన్న మాట ఆయన నోట అదే మొదటిసారి విన్నాను. ఆయనకూ వినబడినట్టుంది. లేచి వెళ్లి చేతులు కడుక్కున్నారు.

మూడో రోజు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా సత్రానికి నడిచి వెళ్లాను. డాక్టరు భార్య ఒక్కతే సంత దారిన పోతుంటే అందరూ చూశారు. రైతు ఎద్దులకు మేత కోసం వెళ్లాడు. ఆమె స్తంభానికి ఆనుకుని, మోకాళ్లు పొట్ట దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. ఎదురుగా కూర్చున్నాను. దారి పొడుగునా ఏరుకున్న మాటలేవీ అప్పుడు గుర్తు రాలేదు.

"అక్కా, బిజినేపల్లిలో ఆమె లేదు."

"సచ్చిపోయిందా?"

"అసలే లేదు. ఆ కాగితం రాసింది నేను. మా ఇంట్లో కూర్చుని రాసినాను."

తిడుతుందనుకున్నాను. తిడితే పడదామనే వచ్చాను.

"ఉట్టిదే రాస్తె నా నొప్పి నీకెట్ల తెల్సె? నీకు గిట్ల ఉన్నదా?" అంది.

"మా అమ్మకు ఉండేది" అన్నాను.

ఆ మాట పైకి అన్న తర్వాతనే నేను ఏం రాశానో నాకు తెలిసింది. అప్పుడు నాకు పదకొండేళ్లు. బావి నుంచి చన్నీళ్ల చెంబు తెచ్చి అమ్మకు ఇవ్వడం నా పని. చెంబు వేడెక్కగానే మళ్లీ మార్చేదాన్ని. పడుకునే వైపు మార్చుకోవడానికి అమ్మ నా భుజం పట్టుకునేది. ఆ రెండేళ్లూ తీసుకుపోయి, ఎవరో బిజినేపల్లి ఆమెకు పెట్టి, చివర్లో ఆమె చేత నీళ్ల బిందె మోయించాను.

"మీ అమ్మ ఎన్ని సీసలు తాగింది?"

"లెక్క లేదు. కర్నూలులో ఎవరు ఏ మందు చెప్పినా తాగింది."

"తగ్గలే?"

"తగ్గలేదు. రెండేళ్లకు పోయింది. కోస్తే బతుకుతావని చెప్పినవాళ్లు మాకు లేరు."

ఆఖరి రోజుల్లో నడిచేదా అని అడిగింది. తినేదా అని అడిగింది. నేను చిన్నదాన్నని నా దగ్గర దాచేవాళ్లా అని అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పాను. ఇంట్లో మా అన్నతో కూడా ఎప్పుడూ అంత మాట్లాడలేదు. చివరికి ఆమె, "నాకు యాడాది దాటింది" అని, స్తంభం పక్కనున్న సీసా అందుకుంది. రెండు గాట్ల దాకా తాగి ఉంది.

"గిదేం మందు?"

"సోంపు నీళ్లు. సోడా."

"తియ్యగనే ఉన్నది" అని, దాన్ని నా వైపు జరిపింది.

రైతు గడ్డి మోపుతో వచ్చాడు. ఆమె అతనితో, "పట్నం పోదాం" అంది.

"ఆమె దొరికిందా?" అని అడిగాడు.

"దొరికింది" అంది ఆమె, నా వైపు చూడకుండానే.

ఇంటికి వచ్చి మా ఆయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కేకలు వేస్తారనుకున్నాను. వాకిట్లోకి వెళ్లి వచ్చారు. హైదరాబాదులో తనకు చదువు చెప్పిన పెద్ద డాక్టరుకు ఉత్తరం రాయడం మొదలుపెట్టి, చింపి, మళ్లీ రాశారు. మళ్లీ లేచారు.

"ఉత్తరం ఇస్తె కాదు. వాళ్లకు పట్నంల ఏ దిక్కు ఏందో తెల్వదు. నేనే తోల్కపోత" అన్నారు.

మర్నాడు జట్కా మాట్లాడి వనపర్తి రోడ్డు స్టేషనుకు ముగ్గురూ వెళ్లారు. బండి, ఎద్దులు మా దొడ్లో ఉండిపోయాయి. ఎద్దులను ఎరగని నేను వాటికి కుడితి కలపడం, గడ్డి వేయడం పక్కింటావిడ దగ్గర నేర్చుకున్నాను. అవి కొత్త చోట కుదురుకోలేక పొద్దంతా గిట్టలతో నేల తవ్వేవి. వాటిని చూస్తే, వీటి మనుషులు తిరిగి వస్తారా అన్న ఆలోచన తప్ప ఇంకోటి వచ్చేది కాదు. దవాఖాన కోసం వచ్చినవాళ్లతో, డాక్టరు లేడు, కాగితంలో రాసింది నిజం కాదు, ఆ సీసాలో ఉండేది సోంపు నీళ్లేనని చెప్పాను. కొంతమంది ముసలి వైద్యుడి దగ్గరికి వెళ్లారు. కొంతమంది నవ్వి, అదే ఇవ్వమన్నారు.

పదిహేను రోజులకు మా ఆయన ఒక్కరే వచ్చారు. గడ్డం పెరిగి ఉంది. బట్టలు మాసి ఉన్నాయి.

"కోసిండ్రు. తీసిండ్రు. బతికింది" అన్నారు చెప్పులు విడవకుండానే. "నన్ను లోపల నిలబడనిచ్చిండ్రు. నేను చూసిన." ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో మరో మాట లేదు. ఎక్కడ కోశారు, రక్తం ఎట్లా ఆపారు, ఎన్ని కుట్లు వేశారు, అన్నం తింటూ కూడా చేతులతో చూపించేవారు. కరపత్రాల మాట ఎత్తలేదు. మిగిలిన కట్టతో నేను నీళ్ల పొయ్యి అంటించుకున్నాను. చూసి కూడా ఊరుకున్నారు.

ఇంకో నెలకు ఆ మొగుడూ పెళ్లాలు జట్కా దిగారు. ఆమె తనంతట తానే నడిచి లోపలికి వచ్చింది. అన్నం పెడితే మారు అడిగి తిన్నది. తిన్నాక నేల మీద ఎడమకు ఒత్తిగిల్లి పడుకుంది, తర్వాత కుడికి తిరిగింది.

"ఇగో, ఏం జారుతలేదు" అంది. "మీ అమ్మకు గిట్ల కావాల్సుండె."

నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు పొయ్యి ముందు నిలబడి వచ్చాను. ఎండ తగ్గాక వాళ్లు బండి కట్టుకుని వెళ్లిపోయారు. తర్వాత మళ్లీ ఆమెను చూడలేదు.

వనపర్తిలో మా అరుగు మళ్లీ ఖాళీ అయింది. ఆయన అనుకున్నంతా జరిగింది గాని, ఆయనకు అది పట్టినట్టు లేదు. కోత నేర్చుకోవాలని పట్టుపట్టి, ఆ పెద్ద డాక్టరు దగ్గర ఏడాదిన్నర ఉన్నారు. నేను కర్నూలులో అన్న ఇంట్లో ఉండి, టపా మనిషి వచ్చే వేళకు గుమ్మంలో తిరుగుతూ గడిపాను. ఆ లోపల రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆయన తిరిగి వచ్చి గద్వాలలో ఇల్లు తీసుకునేసరికి కాగితానికే కరువు. కరపత్రం వేయాలన్నా వేసే వీలు లేదు.

గద్వాలలో మమ్మల్ని గురించి మొదట ఊరికి చెప్పింది ఒక నేతవారి ముసలమ్మ. అది కూడా తిట్లతోనే. "గీ డాక్టరు ఒక్క తాన కూసోడు. నాడి పట్టుకోని గూడ దిక్కులు చూస్తడు" అని మగ్గాల వీధి అంతా చెప్పింది. చెప్పి, తన ముగ్గురు కోడళ్లను మా దగ్గరికే పంపింది. ఆ వీధి వాళ్లు దవాఖానకు రావడం కంటే ఈయనే వాళ్ల ఇళ్లకు తిరగడం ఎక్కువ. గడప దాటి తిరిగే పని దొరికాక ఇంట్లో ఆ అడుగుల చప్పుడు కొంత తగ్గింది.

నాకు మాత్రం ఒకటి తెగలేదు. ఒక పొద్దున ఆయన సంచి సర్దుకుంటుంటే అడిగాను. వనపర్తిలో ఆ కాగితం చూసి వచ్చినవాళ్లలో అలాంటి గడ్డ ఉన్నవాళ్లు ఇంకెవరైనా ఉండి, మూడు సీసాలు పట్టుకుని పోయారా అని.

ఆయన సంచి మూత వేస్తూ ఆగారు. "చెయ్యి పెట్టి చూడకుంట ఇచ్చినోళ్లు శానమంది ఉన్నరు" అన్నారు.

ఆయన చెప్పులు వేసుకుని మగ్గాల వీధి వైపు వెళ్లారు. నేను బియ్యం ఏరడానికి చేట ముందు పెట్టుకుని, చాలాసేపు ఏమీ ఏరకుండా కూర్చున్నాను.